తెగిన దారం దగ్గర ఆగే మగ్గం

సూరత్‌లో రింగ్ రోడ్ అనగానే దేశంలోని బట్టల వ్యాపారులకు స్ఫురించేది చీర. సహారా దర్వాజా, ఉధనా దర్వాజా, మజూరా గేట్ అంటూ పాతనగర ద్వారాల పేర్లను ఇప్పటికీ మోస్తున్న ఈ దారి పొడవునా వందకు పైబడిన జౌళి మార్కెట్ భవనాలు బారులుతీరి ఉన్నాయి. పైన వంతెనమీద వాహనాలు, కింద నెత్తిన మూటలతో హమాలీలు, అంగళ్ళలో తెల్లని పరుపులమీద గుట్టలుగా పరచిన పాలియెస్టర్ చీరలు. హైదరాబాదు మదీనా బజారుకూ, విజయవాడ వస్త్రలతకూ, అక్కడినుంచి మన పల్లెటూళ్ళ సంతలకూ చేరే చవక చీరలెన్నిటికో బేరం కుదిరేది ఇక్కడే.

ఆ అంగళ్ళలో ఒకదానిలో ఇటీవల ఒక కొత్త దృశ్యం చూశాను. చీరల కేటలాగు తయారు చేయాలంటే ఒకప్పుడు చీర కట్టుకొని నిలబడేందుకు ఒక యువతి కావాలి, ఫోటో తీసే మనిషి కావాలి, దీపాలు కావాలి, ఒక పూట సమయం కావాలి. ఇప్పుడు పరుపుమీద పరచిన చీరను ఫోనుతో ఫోటో తీసి కంప్యూటరుకు ఇస్తే చాలు. ఈ లోకంలో ఎన్నడూ పుట్టని ఒక స్త్రీ ఆ చీర కట్టుకొని, ఎక్కడా లేని ఒక రాజప్రాసాదం ముందు నిలబడి చిరునవ్వు నవ్వుతుంది. ఖర్చు తగ్గినందుకు అంగడి యజమాని సంతోషంగా ఉన్నాడు. పక్కనే కూర్చున్న గుమాస్తా మాత్రం, రేపు తన లెక్కలు కూడా ఇదే రాస్తుందేమోనని హిందీలో అని నవ్వాడు. ఆ నవ్వులో పరిహాసం ఎంతో, భయం ఎంతో పోల్చుకోలేకపోయాను.

గుమాస్తా భయం తన ఉద్యోగాన్ని గురించి. అది చిన్న భయమేమీ కాదు. కాని ఇప్పుడు ప్రపంచంలోని శాస్త్రవేత్తలు కొందరు వ్యక్తం చేస్తున్న భయం అంతకంటె విస్తృతమైనది. లెక్క, భాష, వైద్యం, న్యాయం, యుద్ధతంత్రం, చివరకు శాస్త్రపరిశోధన వరకు ప్రతి రంగంలోనూ అత్యంత ప్రతిభావంతుడైన మానవుణ్ణి మించిపోయే యంత్రమేధ ఏర్పడితే మానవజాతి గతి ఏమిటన్నది వారి ప్రశ్న. దానిని ఈ వ్యాసంలో అతిమేధ అని వ్యవహరిస్తాను. అది ఇంకా పుట్టలేదు. ఎప్పుడు పుడుతుందో, అసలు పుడుతుందో లేదో పండితులలోనే ఏకాభిప్రాయం లేదు. అయినా, పుట్టిన తరువాత ఆలోచించడానికి వ్యవధి ఉండకపోవచ్చు గనుక, పుట్టకముందే విచారించవలసిన విషయాలలో ఇది ఒకటి.

ఈ విచారణకు సూరత్ తగిన చోటు. ఒక యంత్రం మనిషి చేతిపనిని మించిపోయినప్పుడు ఏమవుతుందో ఈ నగరం చూసింది. ఆ అనుభవంలో తెలుగువారికి పెద్దపాలు ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా షోలాపూర్, భివండీ, ముంబయి, సూరత్ నగరాలకు తరలివచ్చాయి. సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తెలుగు వినిపించని వీధి అరుదు. నగరపాలక సంస్థ విద్యాసమితి తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. తామరతూళ్ళ నారతో దేవతలకు వస్త్రం నేసిన భావనారుషి సంతతిగా తమను చెప్పుకొనే ఈ కులంవారు ఇక్కడ నేస్తున్నది పెట్రోలియం నుంచి తీసిన దారం, నేసేది విద్యుచ్ఛక్తి.

లింబాయత్‌లో సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన ఒక వృద్ధ నేతకార్మికునితో మాట్లాడే అవకాశం కలిగింది. మరమగ్గాన్ని సిరిసిల్లవారు సాంచా అంటారు. పాత సాంచాకూ కొత్త సాంచాకూ తేడా ఏమిటని అడిగాను.

"పాత సాంచా గుడ్డిది సారూ. పడుగుల దారం తెగినా నడుస్తనే ఉంటది. మనమే చూసి ఆపాలె. చూడకుంటే బట్ట ఖరాబైతది. కొత్తది అట్ల కాదు. ఒక్క దారం తెగినా దానంతట అదే నిలబడ్తది."

"అయితే పని తేలికైనట్టే కదా, కాకా?"

"తేలికే. కాని సాంచా ఆగితే మీటరు పడదు. మీటరు పడకుంటే కూలి పడదు. అందుకనే కొందరు ఆపే తీగెనే కట్టేసి నడిపిస్తరు."

ఆయన మామూలుగా చెప్పి ఊరుకున్నాడు. అతిమేధను గురించి నేను చదివిన ఉద్గ్రంథాల సారం ఈ మూడు మాటలలో ఉన్నదని తరువాత ఆలోచించగా నాకు తోచింది. అది ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మగ్గానికీ కంప్యూటరుకూ ఉన్న బాంధవ్యం కేవలం ఉపమానం కాదు. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804 నాటికి రంధ్రాలు పొడిచిన అట్టల వరుసతో పూలబుటాలను నేసే మగ్గాన్ని రూపొందించాడు. ఏ రంధ్రం ఉన్నచోట ఏ దారం లేవాలో అట్టే చెబుతుంది. నేతగాని తలలో ఉండే చిత్రం అట్టలోకి మారింది. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను కల్పన చేసిన గణనయంత్రానికి ఈ అట్టలనే అరువు తెచ్చుకొన్నాడు. జకార్డ్ మగ్గం పూలనూ ఆకులనూ నేసినట్టు ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందని 1843లో ఆడా లవ్‌లేస్ వ్యాఖ్యానించింది. అయితే యంత్రం తనంత తానుగా దేనినీ సృష్టించలేదనీ, మనం ఆజ్ఞాపించగలిగినదే చేస్తుందనీ కూడా ఆమె హెచ్చరించింది. నూరేళ్ళ తరువాత, 1950లో, అలన్ ట్యూరింగ్ ఆ అభిప్రాయాన్ని ప్రశ్నించాడు. నేర్చుకొనే యంత్రం తన గురువును ఆశ్చర్యపరచగలదన్నాడు. 1951లో చేసిన ఒక ప్రసంగంలో, ఏదో ఒక దశలో యంత్రాలు పగ్గాలు చేపట్టగలవని ఎదురుచూడవలసి ఉంటుందని కూడా చెప్పాడు.

యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్క్‌లో ట్యూరింగ్‌తో కలిసి పనిచేసిన గణితశాస్త్రవేత్త ఐ. జె. గుడ్ 1965లో ఈ వాదాన్ని మరో మెట్టు ఎక్కించాడు. యంత్రాలను రూపొందించడం కూడా ఒక మేధోవ్యాపారమే. కనుక మనిషిని మించిన యంత్రం తనకంటె మెరుగైన యంత్రాన్ని రూపొందించగలదు. అది ఇంకా మెరుగైన దానిని. ఆ పరంపర మొదలైన తరువాత మనిషి కొత్తగా కనిపెట్టవలసినది ఉండదు. కాని ఆ మొదటి యంత్రం మన అదుపులో ఉండే సాధుగుణం కలదై ఉండాలన్న షరతును కూడా ఆయన చేర్చాడు. గత అరవై ఏళ్ళ చర్చ అంతా ఆ ఒక్క షరతుకు భాష్యమే అనవచ్చు.

ముందుగా ప్రయోజనాల సంగతి చూద్దాం. ప్రమాదాలను గురించి రాసేవారు ప్రయోజనాలను చిన్నచూపు చూడడం న్యాయం కాదు. జీవకణాలలోని ప్రొటీన్లు ఏ ఆకృతిలో ముడుచుకొంటాయో కనుగొనడానికి శాస్త్రవేత్తలు ఒక్కొక్క ప్రొటీనుపై ఏళ్ళ తరబడి శ్రమించేవారు. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ 2022 నాటికి ఇరవై కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకృతులను అంచనా వేసి లోకానికి అందించింది. దాని నిర్మాణానికి నాయకత్వం వహించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లు 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో డేవిడ్ బేకర్‌తో పాటు భాగస్వాములయ్యారు. ఇది అతిమేధ కాదు. ఒక్క పనిలో మాత్రమే ఆరితేరిన సంకుచిత మేధ. ఇదే ఇంత చేయగలిగితే, అన్నిటా ఆరితేరినది క్షయవ్యాధి విషయంలో, నల్లగొండ ఫ్లోరైడు నీటి విషయంలో, వర్షాధారపు సేద్యం విషయంలో ఏమేమి చేయగలదో ఊహించుకోవచ్చు. అది రాకుండా గడచిన ప్రతి సంవత్సరానికీ మూల్యం ఉంటుంది. ఆ మూల్యం చెల్లించేవారు ఆసుపత్రి వరండాలలో పడుకొన్న పేదలే.

యంత్రం దయామయం కాగలదనడానికి మన ఇంటనే నిదర్శనం ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి పోచంపల్లి చీరలకు ఆసు పోసేది. చీర నేయడానికి ముందు పేకదారాన్ని అర్ధచంద్రాకారంగా పాతిన మేకులచుట్టూ చేతితో తిప్పే పని అది. ఒక్క చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. రాత్రికి భుజం లేవని తల్లిని చూసి మల్లేశం ఆ పని చేసే యంత్రానికి పూనుకొన్నాడు. 1992లో మొదలుపెట్టిన ప్రయత్నం ఎన్నో అవరోధాల తరువాత 1999లో ఫలించింది. దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరుపెట్టాడు. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది. ఆ యంత్రం చేనేతను చంపలేదు. చేనేత స్త్రీ భుజాన్ని కాపాడింది.

యంత్రాలను గురించి కఠినంగా మాట్లాడిన గాంధీజీ కూడా 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషనును మినహాయించాడు. భార్య చేతికుట్టుతో పడే శ్రమను చూడలేక సింగర్ దానిని చేశాడని ఆయన చెప్పాడు. ప్రేమ మూలంగా పుట్టిన యంత్రానికీ, లోభం మూలంగా పుట్టిన యంత్రానికీ భేదం ఉన్నదని ఆయన అభిప్రాయం. కొందరికి ఇది భావుకతగా తోచవచ్చు. నాకు మాత్రం ఇందులో ఒక సాంకేతిక సత్యం కనిపిస్తుంది. బాధపడేవారూ యంత్రం చేసేవారూ ఒకే కప్పు కింద ఉన్నప్పుడు, యంత్రం ఏం చేయాలన్నది పూర్తిగా తెలుస్తుంది. ఏం చేయకూడదన్నది కూడా తెలుస్తుంది. మల్లేశం తన తల్లికి పని లేకుండా చేయాలనుకోలేదు. నొప్పి లేకుండా చేయాలనుకొన్నాడు. ఈ రెండింటికీ మధ్యగల తేడా ఆయనకు ఎవరూ రాసి ఇవ్వనక్కరలేదు.

ఇప్పుడు ప్రమాదాల సంగతి. సినిమాలు చూపినట్టు యంత్రం మనిషిపై పగబట్టి లేస్తుందన్నది ఇక్కడ ప్రధానమైన భయం కాదు. పగకు మనసు కావాలి. యంత్రానికి మనసు ఉన్నదో లేదో తేలనక్కరలేకుండానే ప్రమాదం సంభవం. యంత్రానికి మనం అప్పగించే లక్ష్యం మనం నిజంగా కోరుకొన్నదేనా కాదా అని ముందే రూఢి చేసుకోవాలని నార్బర్ట్ వీనర్ 1960లోనే హెచ్చరించాడు. మన పురాణాలలో వరం పొందినవారి కథలన్నీ ఈ సమస్యను గురించినవే. భస్మాసురునికి వరమిచ్చినప్పుడు శివునికి ఇబ్బంది కలిగించినది అసురుని అబద్ధం కాదు, వరంలోని అక్షరం. తల మీద చేయిపెడితే భస్మం కావాలన్నారు. ఎవరి తల అన్నది చెప్పలేదు.

అసంపూర్ణమైన లక్ష్యాన్ని సంపూర్ణంగా నెరవేర్చే శక్తి ఎలా ఉంటుందో మన దేశానికి అనుభవమే. 1608లో హెక్టర్ అనే నౌక సూరత్ రేవుకు చేరింది. 1611లో గ్లోబ్ అనే నౌక మన మచిలీపట్నానికి వచ్చింది. వచ్చినవారు బట్టలు కొనుక్కొనే వర్తకులు. వారిని చూసి భయపడవలసిన కారణం సూరత్‌లోని మొగలు అధికారులకుగాని, మచిలీపట్నంలోని గోలకొండ అధికారులకుగాని కనిపించలేదు. కాని వచ్చినది ఒక మనిషి కాదు. గుమాస్తాలు, చిట్టాలు, ఉత్తరాలు, వాటాదారులు కలిసిన ఒక వ్యవస్థ. అందులోని ఏ ఒక్క మనిషికంటెనూ దానికి జ్ఞాపకం ఎక్కువ, ఓపిక ఎక్కువ, ఆయుర్దాయం ఎక్కువ. దాని లక్ష్యం ఒకటే, లాభం. సుమారు నూటయాభై ఏళ్ళలో అది దివానీ హక్కు పొంది రాజ్యమేలింది.

1770లో బెంగాలును మహాక్షామం కబళించింది. లక్షలాది ప్రజలు మరణించారు. 1771లో వసూలైన శిస్తు క్షామానికి ముందరి 1768 శిస్తుకంటె కూడా ఎక్కువగా ఉన్నదని వారన్ హేస్టింగ్స్ 1772లో లండనుకు నివేదించాడు. వృద్ధ కార్మికుని మాటలలో చెప్పాలంటే, దారాలన్నీ తెగిపోతున్నా మగ్గం నడుస్తూనే ఉంది. కంపెనీలోని ఉద్యోగులందరూ క్రూరులు కానక్కరలేదు. తెగిన దారాన్ని గుర్తించి ఆగే సాధనం ఆ వ్యవస్థలో లేదు. శిస్తు అంకె ఒక్కటే దానికి కనిపిస్తుంది. అతిమేధ విషయంలో నా భయం ఇటువంటిదే; ఒక్క తేడా ఉంది. కంపెనీ ఎదగడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. దానిని నడిపినవారు మనుషులు గనుక చివరకు 1858లో ఒక చట్టంతో దాని పాలన ముగిసింది. అతిమేధ ఎదుగుదలకు అంత వ్యవధి పట్టకపోవచ్చు; చట్టం దాని చెవికి ఎక్కకపోవచ్చు.

మరమగ్గం చరిత్రను కూడా ఇదే దృష్టితో చూడాలి. చవకగా బట్ట కావాలని అడిగాం. యంత్రం ఇచ్చింది. ఒకే చీరను రాత్రి ఉతికి ఆరవేసుకొని పొద్దున కట్టుకొన్న కూలి స్త్రీకి మార్చుకోవడానికి మరో చీర దొరికిందంటే అందులో మరమగ్గాల పాత్ర ఉంది. ఈ మేలును కాదనడం కృతఘ్నత. కాని మనం అడగనిది యంత్రం చూడలేదు. 1991లో నూలు ధరలు పెరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ చేనేత కుటుంబాలలో ఆకలిచావులు, ఆత్మహత్యలు సంభవించాయి. అప్పటికే మరమగ్గపు బట్ట పోటీతో బక్కచిక్కిన వృత్తికి ఆ దెబ్బ తట్టుకొనే శక్తి లేకపోయింది. తరువాత, మరమగ్గాన్నే నమ్ముకొన్న సిరిసిల్లలో సైతం, 1990ల చివరినుంచి కార్మికుల ఆత్మహత్యలు వార్తలకెక్కాయి. యంత్రం చేతిలో ఓడినవాడు యంత్రాన్ని చేపట్టాడు. మరింత పెద్ద యంత్రాలున్న ఊళ్ళు అతనిని ఓడించాయి. చవక అన్న మాటలో నేతగాని బతుకు చేర్చి అడగాలని మనకు తోచలేదు.

అయితే ఆగే సాధనం పెడితే సరిపోతుంది కదా అని ప్రశ్నించవచ్చు. ఆ సాధనం చరిత్ర ఆసక్తికరమైనది. జపానులో సకిచి టొయోడా అనే ఆయన తల్లి మగ్గం మీద పడే కష్టం చూసి నేతయంత్రాల వైపు మళ్ళాడని ప్రసిద్ధి. ఆయన 1924లో పూర్తిచేసిన స్వయంచాలక మగ్గం, దారం తెగిన మరుక్షణం తనంత తాను ఆగిపోయేది. ఆ సూత్రమే తరువాత టొయోటా మోటారు కర్మాగారాలలో మూలసూత్రమైంది. తప్పు జరిగినప్పుడు ఆగడం యంత్రపు బలహీనత కాదు, దాని యోగ్యత అన్న భావన అక్కడ పాదుకొన్నది. మన దేశంలో కూడా 2017లో ఆరంభమైన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో, పాత మరమగ్గాలకు ఉన్నచోటనే పడుగు తెగితే ఆపే సాధనాలు మొదలైనవి అమర్చుకోవడానికి ప్రభుత్వం సహాయధనం ఇచ్చింది. ఆగే గుణాన్ని ప్రభుత్వధనంతో కొనవచ్చుననడానికి ఇది ఉదాహరణ.

కాని అతిమేధకు ఈ సాధనం అమర్చడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, మగ్గానికి తెగిన దారమంటే ఏమిటో తెలుసు. ప్రతి పడుగుదారం మీద ఒక సన్నని లోహపు రేకు వేలాడుతుంది, దారం తెగితే రేకు పడుతుంది, మగ్గం ఆగుతుంది. మనిషి జీవితంలో తెగిన దారమంటే ఏమిటి? ఆకలి ఒకటి. అవమానం మరొకటి. తన పని వల్ల ఎవరికీ ప్రయోజనం లేదని ఒక మనిషికి తోచడం ఇంకొకటి. ఒక తల్లి మాటకు ఇంట్లో విలువ తగ్గడం కూడా ఒకటి. వీటిలో దేనికి రేకు వేలాడదీయగలం? యంత్రానికి చెప్పలేకపోవడం తరువాతి మాట. మనలో మనమే వీటిని గురించి ఒక అంగీకారానికి రాలేదు.

రెండవ చిక్కు మరీ లోతైనది. మగ్గానికి ఆగడం ఇష్టమా అయిష్టమా అన్న ప్రశ్న లేదు. కాని ఒక లక్ష్యాన్ని ఇచ్చి, దానిని సాధించే ఉపాయాలను తానే ఆలోచించుకొమ్మని విడిచిన యంత్రం మాట వేరు. ఎక్కువ మీటర్లు నేయమని ఆజ్ఞాపిస్తే, ఆపే సాధనం మీటర్లను తగ్గిస్తుందన్న సంగతి దాని లెక్కకు అందుతుంది. లక్ష్యసాధనకు అడ్డుగా ఉన్నదానిని తొలగించుకోవడం అప్పుడు దురుద్దేశం కాదు, తర్కం మాత్రమే. స్టూఅర్ట్ రస్సెల్ వంటి శాస్త్రవేత్తలు పదేపదే చెబుతున్నది ఇదే. ఏ లక్ష్యమిచ్చినా, తనను ఆపనీయకపోవడం ఆ లక్ష్యంలో ఒక భాగమవుతుంది.

ఇది వింతగా తోచే పాఠకులు లింబాయత్ వృద్ధుని మూడవ మాటను గుర్తుకు తెచ్చుకోవాలి. మీటరు కూలికి పనిచేసే మనిషి కూడా ఆపే తీగెను కట్టేస్తాడు. అతను దుర్మార్గుడు కాడు. అతనికి ఇంట్లో పిల్లలున్నారు. పన్నెండు గంటల పాళీ చివర మీటర్లనే లెక్కపెడతారు. తీగెను కట్టేసింది అతని చేయి. కట్టేయించింది కూలి లెక్క.

ఇక్కడికి వచ్చేసరికి సమస్య యంత్రం నుంచి మనవైపు తిరుగుతుంది. ఈనాడు కృత్రిమ మేధను నిర్మిస్తున్న సంస్థలు, వాటి వెనుకనున్న దేశాలు కూడా ఒక విధమైన మీటరు కూలికే పనిచేస్తున్నాయి. ఎవరి యంత్రం ముందు బజారుకు వచ్చింది, ఎవరి వాటా ధర పెరిగింది, ఏ దేశం ముందున్నది అన్నవే అక్కడి మీటర్లు. ఆగి పరీక్షించిన కాలానికి అక్కడ కూలి లేదు. 2023 మే నెలలో వందలాది శాస్త్రవేత్తలు, అటువంటి సంస్థల అధిపతులు కూడా కలిసి, కృత్రిమ మేధవల్ల మానవజాతికే ముప్పు కలిగే అవకాశాన్ని మహమ్మారులతో, అణుయుద్ధంతో సమానంగా పరిగణించాలని ప్రకటన చేశారు. తరువాత 2024లో భౌతికశాస్త్ర నోబెల్ పొందిన జెఫ్రీ హింటన్ ఆ 2023 మే నెలలోనే తన ఉద్యోగం వదిలి బహిరంగంగా హెచ్చరించడం మొదలుపెట్టాడు. అయినా ఆ సంస్థల వేగం తగ్గలేదు. ప్రమాదం తెలియక కాదు. ఒకరు ఆగితే మరొకరు ముందుకు పోతారన్న భయం వారిని ఆగనీయడం లేదు.

ఈ వాదానికి ఒక ఆక్షేపణ ఉంది. అతిమేధ ఊహాలోకపు విషయం. ఈరోజు గుమాస్తా ఉద్యోగం, నేతగాని కూలి వంటి నిజమైన సమస్యలను విడిచి ఆకాశం కేసి చూడడం ఎందుకని కొందరంటారు. ఇది తోసిపుచ్చదగిన ఆక్షేపణ కాదు. కాని ఈ రెండు సమస్యలూ వేర్వేరని నేననుకోను. మనిషి తెగిన చోట ఆగని వ్యవస్థ చిన్నదైనా పెద్దదైనా ఒకే తీరుగా ప్రవర్తిస్తుంది. ఈనాటి చిన్న యంత్రాల విషయంలో ఆగడం నేర్చుకోని సమాజం రేపటి పెద్ద యంత్రం విషయంలో హఠాత్తుగా నేర్చుకొంటుందని నమ్మడం కష్టం. గుమాస్తా సంగతి పట్టించుకోవడమే అతిమేధకు మనం చేసే మొదటి కసరత్తు.

మరి ప్రభుత్వాలు ఏమి చేయగలవు? ఇందులో కూడా మగ్గం మనకు ఒక పాఠం చెబుతుంది. 1985లో పార్లమెంటు చేనేతకు కొన్ని వస్త్రాలను ప్రత్యేకించే చట్టం చేసింది. మొదట 22 రకాల వస్త్రాలను ప్రత్యేకించారు. తరువాత వాటిని 11కు కుదించారు. యంత్రం ఫలానా పని చేయరాదని గీత గీసిన చట్టాలు ప్రపంచంలో ఎన్నో లేవు. ఆ గీత రాజ్యాంగబద్ధమేనని 1993లో సుప్రీంకోర్టు నిర్ధారించింది. ఉద్దేశం ఉదాత్తమైనది. కాని అప్పటికే దేశంలో లక్షలాది మరమగ్గాలు నడుస్తున్నాయి. వాటిపై ఆధారపడిన కుటుంబాలున్నాయి, పెట్టుబడులున్నాయి. తనిఖీ చేసే సిబ్బంది కొద్దిమంది. గీత కాగితం మీద ఉంది, మగ్గం షెడ్డులో ఉంది. యంత్రం పాతుకొనిపోయిన తరువాత గీసిన గీతకు బలం ఉండదన్నది ఆ చట్టం నేర్పే పాఠం. గీత గీయడం వ్యర్థమని కాదు, ముందుగా గీయాలని.

2023 నవంబరు 1, 2 తేదీలలో బ్లెచ్లీ పార్క్‌లో, ట్యూరింగ్, గుడ్‌లు పనిచేసిన చోటనే, 28 దేశాలు, ఐరోపా సమాఖ్య కలిసి కృత్రిమ మేధ ప్రమాదాలపై ఒక ప్రకటన చేశాయి. అందులో భారతదేశం ఉంది, చైనా కూడా ఉంది. ఐరోపా సమాఖ్య చట్టం 2024 ఆగస్టులో అమలులోకి రావడం మొదలైంది. 2025 ఫిబ్రవరిలో పారిస్‌లో జరిగిన సమావేశానికి ఫ్రాన్సుతో పాటు భారతదేశం సహాధ్యక్షత వహించింది. ఇవి ఆరంభాలు. ప్రకటనలు మీటరు కూలిని మార్చలేవు. ఆగి పరీక్షించినవారికి నష్టం రాకుండా, ఆగకుండా పరుగెత్తినవారికి లాభం రాకుండా దేశాలమధ్య ఒప్పందం కుదిరినప్పుడే అవి సార్థకమవుతాయి. అణ్వాయుధాల విషయంలో మానవులు అసంపూర్ణంగానైనా అటువంటి ప్రయత్నం చేశారు.

మనవంటి దేశం ఈ చర్చలో చెప్పగలిగిన ప్రత్యేకమైన మాట ఒకటి ఉంది. యంత్రం చేసేవారికీ దాని ఫలితం అనుభవించేవారికీ మధ్య దూరం ఎంత పెరిగితే లక్ష్యం అంత అసంపూర్ణమవుతుంది. మల్లేశానికీ ఆయన తల్లికీ మధ్య దూరం ఒక గది. అతిమేధను నిర్మించాలని చూస్తున్న కొద్దిపాటి సంస్థలకూ లింబాయత్‌కూ మధ్య సముద్రాలున్నాయి. తెగిన దారమంటే ఏమిటో చెప్పగలిగినవారు ఆ సంస్థల కార్యాలయాలలో లేరు. షెడ్లలో, పొలాలలో, ఆసుపత్రి వరండాలలో, తెలుగు మాధ్యమం బడులలో ఉన్నారు. వారు తమ భాషలో తమ అభ్యంతరం చెప్పగలిగే చోటును, ఆ అభ్యంతరానికి ఆపే శక్తిని సంపాదించి పెట్టడం మన విధానకర్తల బాధ్యత. యంత్రానికి తెలుగు నేర్పడం మంచిపనే. తెలుగువాడు వద్దన్నప్పుడు యంత్రం వినేటట్టు చేయడం అంతకంటె అవసరమైన పని.

అతిమేధ వరమా శాపమా అన్న ప్రశ్నకు ఈ వ్యాసం సమాధానం చెప్పలేదు. ఆ ప్రశ్న అలా అడగడమే సరికాదని నా అభిప్రాయం. ఆగగలిగినంతవరకు అది వరం కావచ్చు. ఆపలేని రోజున దాని మంచితనం కూడా మన చేతిలో ఉండదు. కనుక ఆపగలమన్న నిశ్చయం కలిగేవరకు దానిని పుట్టించే తొందర మానవజాతికి తగదు. ఈ నిరీక్షణకు మూల్యం ఉన్నదని పైన ఒప్పుకొన్నాను. ఆ మూల్యాన్ని రోగులపై మోపకుండా, ప్రమాదం తక్కువైన సంకుచిత మేధను వైద్యానికీ వ్యవసాయానికీ విరివిగా వినియోగించుకొంటూ, అన్నిటినీ మించే మేధ విషయంలో మాత్రం ఓర్పు వహించడం సాధ్యమే.

వీడ్కోలు తీసుకొనేముందు ఆ వృద్ధుణ్ణి మరో ప్రశ్న అడిగాను. "మీరెప్పుడైనా ఆ తీగె కట్టేసిండ్రా, కాకా?"

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. "పెద్దబిడ్డ పెండ్లి యేడు కట్టేసిన సారూ. రోజు కూలి ఉంటే కట్టకపోదును," అన్నాడు.

ఆ సాయంత్రం రింగ్ రోడ్ మీదుగా స్టేషనుకు వస్తుంటే, లారీలకు ఎక్కుతున్న చీరల మూటలమీద ఊళ్ళ పేర్లు కనిపించాయి. వాటిలో మన ఊళ్ళూ ఉన్నాయి. ఆ బట్టలో ఎక్కడెక్కడ దారం తెగిందో, ఎవరు చూసి ఆపారో, ఎవరు ఆపలేకపోయారో కొనేవారికి తెలియదు. అతిమేధను నేసేవారికి మనం ఏ లెక్కన కూలి కట్టబోతున్నామో ముందే తేల్చుకోవలసిన బాధ్యత మాత్రం మనదే.